తనంతట తానే ఆడుకునే ఆట

2006లో 'ఫైనల్ ఫాంటసీ 12' వచ్చినప్పుడు దాని మీద ఒక నింద పడింది. "ఈ ఆట దానంతటదే ఆడేసుకుంటుంది, మనం చూస్తూ కూర్చోవడమే" అని. జపాన్లో ఫామిట్సు పత్రిక 40కి 40 మార్కులేసిన మాట నిజమే కానీ, ఆ నింద మాత్రం ఇన్నేళ్ళయినా పోలేదు. ఇప్పటికీ ఎవరి దగ్గరైనా ఆ ఆట పేరెత్తి చూడండి, "ఓ, ఆ గ్యాంబిట్ల ఆటా? కంట్రోలర్ పక్కన పడేసి టీ తాగి రావచ్చు" అంటారు. నేను వాదనకి దిగడం, అవతలివాళ్ళు జాలిగా చూడటం మామూలైపోయింది. అంచేత ఒకసారి తీరిగ్గా కూర్చుని, ఆ నింద ఎంతవరకూ న్యాయమో తేల్చుకుందామనిపించింది. దానికి మొదట్నుండీ రావాలి. ఎందుకంటే గ్యాంబిట్లు ఆకాశం నుండి ఊడిపడలేదు. అంతకు ముందు పంతొమ్మిదేళ్ళుగా ఈ సిరీస్ ఒకే చిక్కుముడితో కుస్తీ పడుతూ వచ్చింది. ఆజ్ఞ ఎప్పుడివ్వాలి, అదెప్పుడు అమలవ్వాలి, ఆ రెంటికీ మధ్య ఆడేవాడు ఏం చేస్తుండాలి? మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇదేమంత పరాయి సమస్య కాదు.

ఈ తరహా ఆటలతో పరిచయం లేనివారి కోసం రెండు ముక్కలు. మీ అధీనంలో ముగ్గురో నలుగురో మనుషులుంటారు. దేశాలు పట్టి తిరుగుతుంటారు, కథ నడుస్తుంటుంది. మధ్యలో శత్రువులు తగులుతారు. అప్పుడు తెర మారిపోయి ఒక పక్క మీవాళ్ళు, ఇంకో పక్క వాళ్ళు నిలబడతారు. ఒక మెనూ వస్తుంది: కొట్టు, మంత్రం వెయ్యి, మందు వాడు, పారిపో. ఈ మెనూ పద్ధతిని జపాన్లో ఇంటింటికీ చేర్చింది 1986లో ఎనిక్స్ కంపెనీ విడుదల చేసిన 'డ్రాగన్ క్వెస్ట్'. దాని రూపకర్త యూజి హొరీ, అమెరికన్ కంప్యూటర్ ఆటలైన 'విజర్డ్రీ', 'అల్టిమా'లకి వీరాభిమాని. కీబోర్డు మీద ఆడే ఆ వ్యవహారాన్నంతా ఆయన నింటెండో ఫామికామ్ మీదున్న రెండు బటన్లకి కుదించాడు. అసలు గొప్పదనం అక్కడుంది.

మొదటి 'ఫైనల్ ఫాంటసీ' ఆ మరుసటేడు, 1987 డిసెంబర్లో, అదే ఫామికామ్ మీదకొచ్చింది. కంపెనీ స్క్వేర్, సారథి హిరొనొబు సకగుచి. యుద్ధం తీరుతెన్నులు రూపొందించింది అకితోషి కవాజు. ఈయనకి 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అంటే ప్రాణం, ఆ ఛాయలు ఆట నిండా కనిపిస్తాయి. కోడు రాసింది మాత్రం జపనీయుడు కాదు. నాసిర్ జెబెలీ అనే ఇరానియన్ అమెరికన్, యాపిల్ 2 మీద ఆటలు రాసి పేరు తెచ్చుకున్నవాడు. రెండో ఆట తయారవుతుండగా ఈయన వీసా గడువు తీరిపోతే కాలిఫోర్నియాలోని శాక్రమెంటోకి తిరిగెళ్ళాల్సొచ్చింది. అప్పుడు మిగతా టీమంతా సామాన్లు మూటగట్టుకుని అక్కడికే వెళ్ళి ఆట పూర్తి చేశారు. మూడో ఆటకీ ఇదే కథ. వీసా కష్టాలు మనకి కొత్త కాదు గానీ, ఒక్క ప్రోగ్రామర్ కోసం టీము టీమంతా ఆన్‌సైట్‌కి కదిలొచ్చిన వైభోగం మనలో ఎందరికి దక్కింది చెప్పండి?

సరే, అసలు విషయం. ఆ మొదటి ఆటలో యుద్ధమంటే అచ్చంగా బ్యాచ్ ప్రాసెసింగే. నలుగురికీ వరసగా ఆజ్ఞలిస్తారు. నాలుగోవాడిది కూడా ఇచ్చాక గానీ ఏదీ కదలదు. ఆ తర్వాత మీవాళ్ళూ వాళ్ళవాళ్ళూ కలగాపులగంగా, అదృష్టం ఎలా పడితే ఆ వరసలో, ఒకరి తర్వాత ఒకరు చేసుకుపోతుంటారు. మధ్యలో మీరు చెయ్యగలిగిందేమీ లేదు. కార్డుల కట్ట ఆపరేటర్ చేతిలో పెట్టి కిటికీ బయట నిలబడ్డట్టే. దీంట్లో ఒక తమాషా ఉంది. నలుగురినీ ఒకే రాక్షసుడి మీదకి పంపారనుకోండి, మొదటి ఇద్దరి దెబ్బలకే వాడు పోయాడనుకోండి, మిగతా ఇద్దరూ బుద్ధిగా వెళ్ళి వాడు నిలబడ్డ ఖాళీ చోటుని కొట్టి వస్తారు! ఫలితం లేదని తెర మీద ఒక మాట పడుతుంది. చచ్చిన పాముని కొట్టడం కూడా కాదిది, పాము లేని పుట్టని కొట్టడం.

చాలామంది దీన్ని మోటు డిజైన్ అని కొట్టిపారేస్తారు. నేనలా అనుకోను. శత్రువుకెంత ప్రాణముందో, ఎవరెంత కొడతారో ముందే లెక్కేసి దెబ్బలు పంచాలి. తక్కువ పంపితే వాడు బతికిపోతాడు, ఎక్కువ పంపితే వంతులు వృథా. అంటే ఆట మొత్తం ముందుచూపులోనే ఉంది. 1990లో వచ్చిన మూడో ఆటలో ఈ 'దోషాన్ని' సవరించారు. లక్ష్యం పోతే దెబ్బ దానంతటదే పక్కవాడి మీదకి మళ్ళుతుంది. సుఖంగానే ఉంది. కానీ దాంతో పాటు ఆ లెక్క వేసుకునే అవసరమూ పోయింది. సౌకర్యం ఒకటి పెట్టిన ప్రతిసారీ ఆటలోంచి ఒక ఆలోచన ఊడిపోతుందన్న సంగతి అప్పుడెవరూ పట్టించుకున్నట్టు లేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

అన్నట్టు, మొదటి ఆటలో ఉన్న బగ్గులు చూస్తే మీ టెస్టింగ్ టీము మీద మీకు గౌరవం పెరుగుతుంది. మనిషి లక్షణాల్లో 'తెలివి' అని ఒకటుంది. అదెంత పెరిగినా మంత్రం బలం పిసరంత కూడా పెరగదు, ఎందుకంటే మంత్రాల లెక్కలో దాన్ని ఎక్కడా వాడనేలేదు. కత్తితో గట్టి దెబ్బ తగిలే అవకాశం ఆ కత్తి గుణాన్ని బట్టి ఉండాలి కదా, కానీ పట్టికలో ఆ కత్తి వరస సంఖ్యని బట్టి ఉంటుంది. తప్పు అంకెని చదువుకుంటోందన్నమాట. కొన్ని మంత్రాలు వేస్తే అసలేమీ జరగదు. ఇవన్నీ తర్వాతి రోజుల్లో ఔత్సాహికులు కోడుని విప్పిచూసి కనిపెట్టినవి. లక్షలమంది ఆడారు, మాంత్రికుడి తెలివి పెరిగిందని మురిసిపోయారు. బ్యాచ్ ఉద్యోగంలో మధ్యలో ఏం జరుగుతోందో కనబడదు, పైగా అంకెల్లో కాస్త అదృష్టం కలిసి ఉంటుంది. ఇంకెవడికి అనుమానమొస్తుంది?

రెండో ఆట గురించి ఎక్కువ చెప్పను. లెవెళ్ళు తీసేసి, ఏ పని ఎక్కువ చేస్తే అందులోనే ఆరితేరేలా పెట్టాడు కవాజు. దెబ్బలు తింటే ప్రాణశక్తి పెరుగుతుంది. జనం ఏం చేశారు? తమ మనుషుల్ని తామే కొట్టుకున్నారు. పైగా ఒక కమాండు ఎంచుకుని రద్దు చేసినా సరే, చేసినట్టే లెక్కలో రాసుకునే బగ్గు ఒకటి. టైంషీట్లు నింపే అలవాటున్నవాళ్ళకి ఇంతకన్నా వివరించనక్కర్లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కింటికెళ్ళాలి. 1990 ఫిబ్రవరిలో 'డ్రాగన్ క్వెస్ట్ 4' వచ్చింది. దాని చివరి అధ్యాయంలో హొరీ ఒక సాహసం చేశాడు. కథానాయకుడికి తప్ప మిగతావాళ్ళెవరికీ మీరు ఆజ్ఞలివ్వలేరు. 'దుమ్ము దులపండి', 'ప్రాణాలు జాగ్రత్త' లాంటి వ్యూహం ఒకటి చెప్తే, తక్కినదంతా వాళ్ళే నిర్ణయించుకుంటారు. 512 కిలోబైట్ల క్యాసెట్టులో ఏఐ అన్నమాట! అందులో క్లిఫ్ట్ అని ఒక పూజారి ఉన్నాడు. శత్రువుని ఒక్క దెబ్బతో చంపేసే మృత్యుమంత్రం ఇతని దగ్గరుంది. ఈ మంత్రం పెద్ద రాక్షసుల మీద పనిచెయ్యదు. కానీ క్లిఫ్ట్ మహానుభావుడు పక్కన జనం చస్తున్నా వైద్యం మానేసి పెద్ద రాక్షసుడి మీద మళ్ళీ మళ్ళీ అదే మంత్రం వేస్తాడు. ఆ ఏఐ అనుభవం మీద నేర్చుకునే రకం. పెద్ద రాక్షసుడు ఎదురయ్యేది ఒక్కసారే. మరి అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది? జపాన్లో ఒక తరం పిల్లలకి క్లిఫ్ట్ పేరు చెప్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. తర్వాత వచ్చిన కొత్త రూపాల్లో అందరికీ ఆజ్ఞలిచ్చే వీలు పెట్టారు. అయితే ఆటగాళ్ళకి మంట పుట్టించింది మనుషులు తమంతట తాము పోరాడటం కాదని నా నమ్మకం. వాళ్ళ బుర్రలో ఏముందో చూసే వీలు, తప్పుంటే సరిదిద్దే వీలు లేకపోవడం.

ఇక హిరోయుకి ఇటో. ఈ కథకి నాయకుడెవరంటే ఇతనే.

1991 జులైలో సూపర్ ఫామికామ్ మీద 'ఫైనల్ ఫాంటసీ 4' వచ్చింది. ఇటో ఒక ఫార్ములా వన్ పందెం చూస్తుంటే, వేర్వేరు వేగాలతో పోతున్న కార్లు ఒకదాన్నొకటి దాటిపోవడం కనిపించింది. మరి యుద్ధంలో అందరూ ఒకే 'రౌండు'కి కట్టుబడి ఎందుకుండాలి? చురుకైనవాడికి వంతు ముందు రావాలి, మందకొడిగా ఉన్నవాడికి ఆలస్యంగా రావాలి, కాలం మాత్రం ఎవరి కోసమూ ఆగకూడదు. అలా పుట్టిందే యాక్టివ్ టైమ్ బాటిల్, అందరూ ఏటీబీ అంటారు. ప్రతి మనిషికీ కనబడని గడియారమొకటి తిరుగుతుంటుంది. అది నిండగానే మెనూ తెరుచుకుంటుంది. మీరు మెనూలో మంత్రం వెతుక్కుంటుంటే రాక్షసుడు మర్యాదగా ఎదురుచూడడు, వచ్చి కొట్టేస్తాడు. అమెరికాలో దీనికి పేటెంట్ కూడా 1995లో వచ్చింది, సకగుచి, ఇటోల పేర్ల మీద. 1992లో అయిదో ఆట వచ్చాక ఆ గడియారం గేజిగా తెర మీదకొచ్చి కనబడటం మొదలైంది.

బ్యాచ్ పోయి ఇంటరప్టులొచ్చాయి. మీ పని ఆలోచించడం మాత్రమే కాదు, వేగంగా ఆలోచించడం. ఒకరి గేజి నిండిందా, ఇంకొకరిదీ నిండిందా, ఎవరికి ముందు చెప్పాలి? మరీ కంగారుపడేవాళ్ళ కోసం 'వెయిట్' అని ఒక సెట్టింగు పెట్టారు, మంత్రాల జాబితా తెరిచినంతసేపూ కాలం ఆగుతుంది. మా హాస్టల్లో ఎమ్యులేటర్ మీద ఈ ఆటలు ఆడే రోజుల్లో 'వెయిట్' పెట్టుకోవడం పరువు తక్కువ. నేను రహస్యంగా పెట్టుకునేవాణ్ణి. తెలుగు మీడియం వాణ్ణి, ఇంగ్లీషులో మందుల పేర్లు చదువుకుని అర్థం చేసుకునేలోపు మనవాళ్ళు ఇద్దరు నేలకొరిగేవాళ్ళు. అప్పుడర్థమైంది నాకు, ఈ ఆట పరీక్షిస్తున్నది నా వ్యూహాన్ని కాదు, మెనూల్లో నేనెంత వేగంగా ఈదగలనో దాన్నని.

ఏటీబీ నాలుగో ఆట నుండి తొమ్మిదో ఆట దాకా, 1991 నుండి 2000 దాకా రాజ్యమేలింది. ఆరు ఆటలు. చుట్టూ పెట్టిన అలంకారాలు మారుతూ వచ్చాయి. అయిదులో వృత్తుల కలయిక (ఇప్పటికీ ఈ సిరీస్‌లో తెలివైన పని అదేనంటాను), ఏడులో మెటీరియా అనే రంగురాళ్ళు, ఎనిమిదిలో జంక్షన్ అనే ఒక గందరగోళం. కింద ఇంజను మాత్రం అదే. అయితే ప్లేస్టేషన్ రోజుల్లో మంత్రాల యానిమేషన్లు పెరిగేకొద్దీ ఆ ఇంజను మూలగడం మొదలెట్టింది. తొమ్మిదో ఆటలో ఇది పరాకాష్ఠకి చేరింది. ఒకరి దెబ్బ తెర మీద సాగుతున్నంతసేపూ మిగతావాళ్ళ గేజిలు నిండుతూనే ఉంటాయి. అందరివీ నిండిపోయి ఆజ్ఞలన్నీ క్యూలో పడుంటాయి. మీరిచ్చిన ఆజ్ఞ తెర మీదకొచ్చేసరికి పరిస్థితే మారిపోయి ఉంటుంది. చురుకైనవాడికీ మందకొడివాడికీ తేడా ఏ మూలకి? నిమిషనిమిషానికీ ప్రాణం పోసే రీజెన్ లాంటి మంత్రమైతే యానిమేషన్ నడుస్తుండగా కూడా పనిచేస్తూ పోతుంది, అదొక అయాచిత వరం. ప్రాసెసర్ ఖాళీ లేనప్పుడు క్యూ ఎంత బాగా రాసినా ఒకటే. తిరిగి తిరిగి 1987 నాటి బ్యాచ్ దగ్గరికే చేరాం. ఇందులో విషాదమేంటంటే, ఆ తొమ్మిదో ఆటకి దర్శకుడు ఇటోనే.

పదో ఆటలో (2001) తొషిరో త్సుచిదా అనే ఆయన ఏటీబీని పూర్తిగా తీసి పక్కన పెట్టాడు. గడియారం లేదు. మీ వంతు వస్తే ఎంతసేపైనా ఆలోచించుకోండి. కానీ తెర మీద కుడిపక్కన రాబోయే వంతుల వరస మొత్తం కనబడుతుంది. ఏ పని ఎంచుకుంటే ఆ వరస ఎలా మారుతుందో ముందే చూపిస్తుంది. యుద్ధం మధ్యలో మనుషుల్ని మార్చుకోవచ్చు కూడా. అంటే షెడ్యూలర్ పైనున్న మూత తీసి లోపలంతా చూపించారు. సిరీస్ మొత్తంలో ఇంతకన్నా నిజాయితీగల పద్ధతి ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఇక్కడితో ఆగిపోయినా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

కానీ ఇటో ఆగలేదు. 2006 మార్చిలో వచ్చిన పన్నెండో ఆట తయారీ ఒక పెద్ద పురాణం. దాన్ని మొదలుపెట్టిన యసూమి మత్సునో 2005లో అనారోగ్యంతో తప్పుకుంటే ఇటో, హిరోషి మినగావా కలిసి ఒడ్డుకి చేర్చారు. ఈసారి తెర మారడం లేదు. శత్రువు ఎక్కడ కనబడితే అక్కడే, నడుస్తున్న చోటే యుద్ధం. కాలం ఆగదు, ముగ్గురు మనుషులు మైదానంలో తలో వైపు కదులుతుంటారు. ముగ్గురికీ మెనూల ద్వారా ఆజ్ఞలివ్వడం మనిషన్నవాడి వల్ల కాదు. దానికి ఇటో ఇచ్చిన జవాబే గ్యాంబిట్. ఈసారి స్ఫూర్తి అమెరికన్ ఫుట్‌బాల్. అందులో ఆటకీ ఆటకీ మధ్య విరామం ఉంటుంది, ఎవరెక్కడ ఏ పరిస్థితిలో ఏం చెయ్యాలో అప్పుడే ఖాయం చేసుకుంటారు, ఆట మొదలయ్యాక ఎవరి పని వాళ్ళు చేసుకుపోతారు. 1991లో కార్లపందెం చూసి మనల్ని పరిగెత్తించినవాడే, పదిహేనేళ్ళకి ఇంకో క్రీడని చూసి ఆ పరుగు మానిపించాడు.

గ్యాంబిట్ అంటే ఒక వరస. ఎడమపక్క షరతు, కుడిపక్క పని. 'మనవాడి ప్రాణం 50 శాతం కన్నా తగ్గితే: వైద్యం.' 'నాయకుడు కొడుతున్న శత్రువు: కొట్టు.' ఒక్కో మనిషికి ఇలాంటివి 12 దాకా పేర్చవచ్చు. పై నుండి కిందకి చూసుకుంటూ వస్తారు, మొదట ఏ షరతు నిజమైతే ఆ పని చేస్తారు. అంతే. ఎప్పుడు కావాలంటే అప్పుడు మీరు చేత్తో ఇచ్చే ఆజ్ఞ వీటన్నిటినీ తోసిరాజంటుంది. ఆఫీసులో రూల్ ఇంజన్లతో కాపురం చేసినవాళ్ళెవరికైనా ఇది చూడగానే పుట్టింటికొచ్చినట్టుంటుంది. ప్రోగ్రామింగ్ అంటే ఏంటో తెలియని లక్షలమంది చేత, తెలియకుండానే ప్రోగ్రాములు రాయించిన ఆట ఇది.

పైకి చూడ్డానికి సులువే. రాయడం మొదలెట్టాకే తెలుస్తుంది. శత్రువు జేబు కొట్టేసే పని ఒకటుంది. దాన్ని 'ఏ శత్రువైనా: దొంగిలించు' అని పైన పెట్టారనుకోండి, మీవాడు యుద్ధం మర్చిపోయి జేబులు తడుముతూ ఉండిపోతాడు, కింద రాసిన వరసలకి వంతే రాదు. మరేం చెయ్యాలి? 'శత్రువు ప్రాణం 100 శాతం ఉంటే: దొంగిలించు' అని రాయాలి. ఒక్క దెబ్బ తగిలాక షరతు అబద్ధమైపోతుంది, మీవాడు పనిలో పడతాడు. ఇది ఆట పుస్తకంలో చెప్పే విషయం కాదు, ఆడేవాళ్ళు తమంతట తాము కనిపెట్టుకోవాల్సిన ఉపాయం. 'ఇదీ అదీ రెండూ నిజమైతే' అని రాసే వీల్లేదు, ఒక వరసకి ఒకే షరతు. అంచేత వరసల క్రమంతోనే ఆ పని సాధించాలి. మృతజీవుల మీద వైద్యమంత్రం వేస్తే వాటికి దెబ్బ తగులుతుంది కనుక, 'మృతజీవి శత్రువు: వైద్యం' అని రాసినవాడు ఆ రోజు కాలరెగరేసుకుని తిరుగుతాడు. యుద్ధంలో ఓడిపోయినప్పుడు మీకు తట్టేది 'అయ్యో, సరైన బటన్ నొక్కలేదే' అని కాదు, 'మూడో వరస అయిదో వరస కింద ఉండాల్సింది' అని. ఇది డీబగ్గింగ్ కాకపోతే మరేమిటి? క్లిఫ్ట్ బుర్ర ఇప్పుడు తెరిచి మీ ముందు పెట్టారు. చదవండి, తప్పులుంటే దిద్దుకోండి.

ఇక నింద సంగతి. ఇది పూర్తిగా అబద్ధమని నేననను. నెగల్‌మూర్ అని ఒక శత్రువుంది, అది తన చుట్టూ దయ్యాల్ని పుట్టిస్తూనే ఉంటుంది. గ్యాంబిట్లు సరిగ్గా పేర్చుకుని ప్లేస్టేషన్ ఆపకుండా వదిలేసి పడుకుంటే, పొద్దున్నకి మీవాళ్ళు బోలెడు లెవెళ్ళు పెరిగి ఉంటారు. నిజంగానే ఆట తనంతట తాను ఆడుకుంటుంది! నేనూ చేశాను. మొదటి రాత్రి వైద్యానికి మంత్రం బదులు మందు సీసాలు రాసి పడుకున్నాను. సీసాలు 99 మాత్రమే ఉంటాయన్న సంగతి నాకు తట్టలేదు. పొద్దున లేచి చూస్తే అందరూ పోయి, ఆట ముగిసిన తెర వెలుగుతోంది. రెండో రాత్రి సరిదిద్దుకున్నాను. ఆ రెండో పొద్దున నాకు కలిగిన ఆనందం ఏ మెనూ యుద్ధంలోనూ కలగలేదు. కానీ మూడో రాత్రికి? దిద్దడానికేమీ మిగల్లేదు. ఆ మూడో రాత్రి గురించి నింద వేసేవాళ్ళు చెప్పేది నిజం.

యియజ్మత్ అనే రాక్షసుడికైతే 5 కోట్ల పైచిలుకు ప్రాణముంది. మొదటి విడుదలలో మీరు ఒక్క దెబ్బకి తీయగలిగింది మహా అయితే 9,999. లెక్కేసుకోండి, తగిలిన ప్రతి దెబ్బా గరిష్ఠమే అయినా 5 వేల దెబ్బలు పైనే. ఇది కష్టం కాదు, కూలి. గ్యాంబిట్లకి కొత్త సమస్యలు విసిరి పరీక్షించాల్సిన చోట, అంకె పెద్దది చేసి ఊరుకున్నారు. ఇంకో తప్పేంటంటే షరతుల్ని దుకాణంలో కొనుక్కోవాలి, అవి కూడా కథ ముందుకెళ్ళేకొద్దీ కొద్దికొద్దిగా వస్తాయి. ధర ఎక్కువేమీ కాదు, కానీ మొదటి గంటల్లో మీ చేతిలో ఉండేవి నాలుగు ముతక షరతులు. వాటితో రాయగలిగిన ప్రోగ్రాం నిజంగానే చూస్తూ కూర్చునే ప్రోగ్రామే. ఆ గంటల్లో విసుగుపుట్టి వదిలేసినవాళ్ళే ఎక్కువగా నింద వేశారని నా అనుమానం. భాషలో సగం పదాలు దాచిపెట్టి కవిత్వం రాయమంటే ఎలా?

అయినా నా మాట నాదే. మూడో ఆటలో దెబ్బ దానంతటదే పక్కవాడి మీదకి మళ్ళినప్పుడు ఆటగాడి ఆలోచన ఒకటి పోయింది. గ్యాంబిట్ అలా కాదు. ఇక్కడ పోయినది వేళ్ళ పని, ఆలోచన పోలేదు. అది యుద్ధానికి ముందుకి జరిగింది. పాత ఆటల్లో మనం చేసిందేమిటో గుర్తు తెచ్చుకోండి. నూటికి తొంభై యుద్ధాల్లో 'కొట్టు, కొట్టు, కొట్టు, వైద్యం'. అది నిర్ణయం కాదు, అలవాటు. ఇటో ఆ అలవాటుని కాగితం మీద పెట్టమన్నాడు. పెట్టాక మన గొప్ప వ్యూహం నాలుగు వరసలేనని తెలిసి మనకి పౌరుషమొచ్చింది. మీరు రోజూ రెండు గంటలు చేత్తో చేసే పనిని ఎవరైనా నలభై వరసల స్క్రిప్టుగా రాసి చూపిస్తే ఎలా ఉంటుందో, అలాంటి పౌరుషం. నాకది రెండు వైపుల నుండీ అనుభవమే. రాసినవాడిగా ఒకసారి, పని పోగొట్టుకున్నవాడిగా ఒకసారి.

అసలు ఆ నింద పడాల్సింది 2009 డిసెంబర్లో వచ్చిన పదమూడో ఆట మీద. అందులో మీరు నడిపేది నాయకుణ్ణి ఒక్కణ్ణే. మెనూలో మొట్టమొదట ఉండేది 'ఆటో'. అది నొక్కితే నాయకుడి దెబ్బలు కూడా ఆటే ఎంచుకుంటుంది. మిగతా ఇద్దరికీ మీరు చెప్పగలిగింది వాళ్ళ పాత్ర ఏమిటన్నదే: కొట్టేవాడు, కాచేవాడు, వైద్యుడు వగైరా. ఆ పాత్రలో వాళ్ళు ఏం చేస్తారన్నది స్క్వేర్ ఎనిక్స్ ప్రోగ్రామర్లు రాసేశారు. ఒప్పుకుంటాను, వాళ్ళు బాగానే రాశారు, ఆ పాత్రలు సరైన క్షణంలో మార్చడంలో ఉత్కంఠ కూడా ఉంది. కానీ పన్నెండులో సోర్స్ కోడ్ మన చేతిలో ఉండేది, పదమూడులో వేరేవాళ్ళు రాసిన లైబ్రరీని పిలవడమే మన పని. రెండూ 'ఆటోమేషనే'. ఒకదాంట్లో మీరు రచయిత, ఇంకోదాంట్లో మీరు ఆపరేటర్. ఈ తేడా చూడకుండా రెంటినీ ఒకే గాటన కట్టేయడం నాకు మింగుడుపడదు.

ఆ తర్వాత ఈ సిరీస్ గ్యాంబిట్ల వైపు తిరిగి చూడలేదు. 2016లో వచ్చిన పదిహేను, 2023లో వచ్చిన పదహారు పూర్తిగా బటన్లు దంచే ఆటలు. పదహారులో వేళ్ళు అంత చురుగ్గా లేనివాళ్ళ కోసం కొన్ని ఉంగరాలు పెట్టారు. అది తొడుక్కుంటే దెబ్బ తప్పించుకోవడం దానంతటదే జరిగిపోతుంది. ఎందుకు, ఎప్పుడు అని మీరడగలేరు. ఇటో ఆలోచన మాత్రం వేరే ఇళ్ళల్లో పెరిగింది. 2009లో 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్'లో ఇలాంటి షరతుల పట్టిక కనిపించింది. 2024లో వానిల్లావేర్ వాళ్ళ 'యునికార్న్ ఓవర్‌లార్డ్' అయితే ఒక పనికి రెండు షరతులు పెట్టుకోనిచ్చింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత 'ఇదీ అదీ' అని రాసుకునే భాగ్యం దక్కిందన్నమాట. ఆ ఆట ఆడిన వారం రోజులూ నేను యుద్ధాలు చూసిన దానికన్నా పట్టికలు సర్దుకున్న సమయమే ఎక్కువ. మా ఆవిడ వచ్చి తెర చూసి, "ఇంట్లో కూడా ఆఫీసు పనేనా?" అంది.

మొన్న మళ్ళీ మొదటి 'ఫైనల్ ఫాంటసీ' తీశాను, 2021లో తిరిగి చేసిన పిక్సెల్ రీమాస్టర్. ఖాళీ చోటుని కొట్టడాలు లేవు, తెలివి కూడా ఇప్పుడు లెక్కలోకొస్తోంది. యుద్ధంలో కొత్తగా ఒక 'ఆటో' బటనుంది. షరతులేమీ లేవు, వరసలేమీ లేవు, పోయినసారి ఎవరికి ఏం చెప్పారో అదే మళ్ళీ చేయిస్తుంది, అది కూడా వేగంగా. దాన్ని నొక్కి వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకుని వచ్చాను.